బ్యాంకాక్‌లో నేను చూసిన బర్రె

విదేశాలు చూడ్డానికి కళ్లెందుకండీ? చేతిలో ఫోన్, ఫోన్‌లో డేటా, అవతల చుట్టాలు ఉంటే చాలదూ! వీడియో కాల్ కనిపెట్టిన మహానుభావుడికి కరీంనగర్‌లో విగ్రహం పెట్టించాలని నా డిమాండ్. రాయి సంగతి మా ఇర్షాద్ చూసుకుంటాడు, అతనిది గ్రానైట్ వ్యాపారం.

మొన్న ఇర్షాద్, ముత్తయ్య సారు, నేను, ముగ్గురు స్నేహితులం బ్యాంకాక్ వెళ్లాం. ఊరు చూడ్డానికి ఒక్కటే రోజు. నా కోరికా ఒక్కటే. నేను వెళ్లే కటింగ్ షాపులో అద్దం పక్కన ఒక క్యాలెండర్ ఉండేది. చీకటి పడే వేళ నది ఒడ్డున గుడి, గుడి నిండా దీపాలు. ఆ బొమ్మ చూస్తూ చూస్తూనే నా జుట్టంతా ఊడిపోయింది. పడవలో కూర్చుని ఆ దీపాలు వెలగడం ఒక్కసారి చూస్తే చాలనుకున్నాను.

ఎంత స్వార్థమో చూడండి! నేనొక్కణ్ణే చూడ్డమేమిటి?

మా వైపు పెళ్లి పిలుపులకో పద్ధతుంది. ఒకింటికి చెప్పి పక్కింటికి చెప్పకపోతే మనవలు పుట్టేదాకా మాటలుండవు. వీడియో కాల్‌కూ అదే పద్ధతి. రాజుగారి కోట ఇర్షాద్ వాళ్లమ్మ లతీఫున్నీసా గారు చూశారు. ఆమె చూశాక పెద్దపల్లి పిన్నమ్మ చూడొద్దా? పిన్నమ్మ చూశాక ఆమె వియ్యపురాలు ఊరుకుంటుందా? మధ్యమధ్యలో ఇర్షాద్ తన గిరాకీలకు కాల్ చేసి కెమెరాను నేలకేసి తిప్పేవాడు.

"గీ ఫ్లోరింగ్ జర చూడుండ్రి సారూ! మన రాయి ముందట గిదెంత?"

ముత్తయ్య సారు పడుకున్న బుద్ధుణ్ణి తల దగ్గర మొదలుపెట్టి చూపించారు. పాదాల దగ్గరికి చేరేలోపే ఛార్జింగ్ అయిపోయింది. పాదాలు చూపించలేదని ఆయన వియ్యంకుడు ఇప్పటికీ అలిగే ఉన్నాడు.

సాయంత్రం పడవెక్కాం. గుడి దగ్గర పడుతుండగా నా ఫోన్ మోగింది. ఉట్నూర్ నుంచి మా బావమరిది భూమన్న! వాళ్లింట్లో సిగ్నల్ ఉండదు. పాపం, బర్రెను ఇంటికి తోలుకొస్తూ గుట్టెక్కి మరీ చేశాడు. ఎత్తకపోతే మా ఆవిడ నన్ను గడప తొక్కనిస్తుందా? ఎత్తి, కెమెరా గుడి వైపు తిప్పాను.

"గట్ల కాదు బావా! గుడొక్కటే చూపెడితే నెట్ల బొమ్మ అంటరు. నువ్వు గూడ కనవడాలె. గుడి దిక్కు ఈపు పెట్టి నిలవడు."

నిలబడ్డాను. నా ఎదురుగా ఫోన్ నిండా భూమన్న, అతని భుజం మీదుగా బర్రె. మూలన స్టాంపు బిళ్లంత నా ముఖం. ఉన్నట్టుండి పడవలో అందరూ "ఆహా!" అన్నారు. స్టాంపు బిళ్లలో నా చెవి పక్కన ఏదో మెరిసింది. తల తిప్పబోయాను.

"కదలకు బావా! మస్తుగుంది!"

కాల్ కట్టయ్యేసరికి పడవ మలుపు తిరిగిపోయింది. బర్రె మాత్రం చక్కని బర్రె. నెమరేస్తూ అది కూడా దీపాలన్నీ చూసింది.

తిరిగొచ్చాక భూమన్న కరీంనగర్ వచ్చి, మా ఇంట్లో చాయ్ తాగుతూ, నాకు బ్యాంకాక్ వర్ణించాడు.

"కింది నుంచి మీది దాక దీపాలు పాకినయి బావా! నీళ్లల్ల గుడి నీడ ఊగుతుంటే ఏమన్న ఉందా! కాకపోతే, నడుమల నువ్వే జర అడ్డమున్నవ్."

నిజమే, అడ్డం నేనే! అందుకే పాస్‌పోర్టు బీరువాలో పడేసి ఉట్నూర్ బస్సెక్కుతున్నాను. మీలో ఎవరైనా బ్యాంకాక్ వెళ్తే, సాయంత్రం పడవెక్కి నాకో కాల్ చేయండి. గుట్ట మీద బర్రె పక్కనే నిలబడి ఉంటాను.

మీరు మాత్రం జర పక్కకు తప్పుకోండి!