కాలు తీయించుకొనుటకు రెండు గంటల సెలవు

"ఇంతకీ ఏ కాలు తీసేశారన్నా?" కొత్త బస్సు తాళాన్ని గుప్పిట్లో బిగించి అడిగాడు బదులు డ్యూటీకొచ్చిన డ్రైవరు.

అడిగించుకున్న డ్రైవరు రెండు కాళ్ల మీదా నిలబడే ఉన్నాడు. పదిహేనేళ్లు డొక్కు బండ్లు తోలాక, ఇవాళ కొత్త బస్సు మొదటి ట్రిప్పు అతనిది. పొద్దున్నే అరికాలి పులిపిరి చూపించుకుని, పదిన్నరకల్లా స్టీరింగు పట్టాలన్నది ఏర్పాటు. డాక్టరు చల్లటి మందు కొట్టి పులిపిరిని గడ్డకట్టించి, "అదే రాలిపోతుంది, వెళ్లు" అన్నాడు. తీరా వస్తే డిపో చావింటిలా ఉంది. బెంచీ మీద అక్క కళ్లొత్తుకుంటోంది. పక్కన అరువు తెచ్చిన చంకకర్రలు.

"ఎవరు చెప్పారక్కా నీకు?"

"మీ గుమాస్తా ఫోన్ చేశాడురా!"

"మేనేజరుగారు చెప్పిందే చెప్పాను" అన్నాడు గుమాస్తా.

"నేను విన్నది కాదు, చదివింది చెప్పాను" అన్నాడు మేనేజరు.

డ్రైవరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నిక్షేపంలాంటి కాలు పీకేసిన ఆ వెధవ ఎవడో తేల్చండి సార్! వాణ్ణి ఇవాళ ఏ బండీ ఎక్కనివ్వనని మాటివ్వండి!"

"ఇచ్చాను." మేనేజరు కళ్లజోడు పెట్టుకుని సెలవు చీటీ చదివాడు. "నా కాలు గడ్డకట్టించి తీయించుకొనుటకు రెండు గంటలు సెలవు ఇప్పించ ప్రార్థన."

"రెండు గంటల్లో కాలెలా తీస్తారా అని నాకూ డౌటొచ్చింది సార్" అన్నాడు గుమాస్తా. "ఈ రోజుల్లో అన్నీ మిషన్లే కదా అని ఊరుకున్నా."

మేనేజరు చీటీని కిటికీ వెలుగులో పెట్టాడు. "ఇక్కడేదో కొట్టేశారు. 'కాలి పులిపిరి' అని ఉంది. పులిపిరి కొట్టేసి, 'కాలి'ని 'కాలు' అని దిద్దారు. ఎవరిదీ పని?"

చీటీ రాసిననాటి సంగతి డ్రైవరుకు అప్పుడు గుర్తొచ్చింది. గొంతు పెద్దదైన పాపానికి ఒక కండక్టరును డిపో అంతా పదేళ్లుగా 'హారన్' అనే పిలుస్తోంది. తననెక్కడ 'పులిపిరి' అంటారోనని ఆ మాట కొట్టేసి, వ్యాకరణం చెడకూడదని పక్కమాట దిద్దాడు.

"చీటీ... ఎవరో మార్చేసినట్టున్నారు సార్" అన్నాడు నీళ్లు నములుతూ.

"ఏదీ, ఇటివ్వండి" అని అక్క చీటీ అందుకుంది. ఒక్క చూపు చూసి, చంకకర్రలు తీసుకుని లేచింది.

"బలపం పట్టించి దిద్దించినదాన్ని, ఈ కోడిగీతలు నాకు తెలియవా? ఆ వెధవ మా తమ్ముడే సార్."