బెల్టు జతచేయడమైనది

ఈ పూటే జవాబు పంపి తీరాలని పిండిమర యజమాని లేస్తూనే నిశ్చయించుకున్నాడు. తనిఖీ ఆఫీసు ఇచ్చిన గడువు ఆ సాయంత్రంతో సరి. దాటితే మర మూతపడుతుంది. నోటీసులో అసలు సంగతంతా ఒక్క ఇంగ్లీషు ముక్కలో ఉంది: "ఎన్‌క్లోజ్ ద బెల్ట్."

కాగితం పదో తరగతి చదివే కూతురి చేతికిచ్చాడు. ఎవరైనా వస్తే తలుపు చాటుకు పోయే పిల్లే కానీ, బడిలో ఇంగ్లీషు ఉత్తరాలు రాయడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

"ఎన్‌క్లోజ్ అంటే ఉత్తరంతో జతచేసి పంపమని నాన్నా," అంది నేల చూపులు చూస్తూ.

"బెల్టునా? వాళ్లకెందుకే?"

"పరీక్ష చేసి ఇస్తారేమో!"

మోటారుకూ మరకూ మధ్య తిరిగే పొడవాటి బెల్టును తండ్రి ఊడదీశాడు. ఏ కవరులోనూ పట్టలేదు. నాయనమ్మ దాన్ని గోనెసంచిలో కుక్కి, దబ్బనంతో చుట్టూ కుట్టేసింది. పిల్ల దానిమీద 'జతచేయడమైనది' అని గుండ్రంగా రాసింది.

తపాలా గుమాస్తా కళ్లజోడు సవరించుకున్నాడు. "ఉత్తరమా, పరుపా? దీన్ని ఏ డబ్బాలో దూర్చమంటావయ్యా?"

తండ్రి వెనక్కి తగ్గలేదు. మూట భుజానికెత్తుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని ఆఫీసుకే నడిచాడు. అక్కడి బంట్రోతు నవ్వాపుకున్నాడు. "సారు మీ బెల్టు చూడ్డానికి మీ మరకే వెళ్లారు."

ఇద్దరూ పరుగున వచ్చేసరికి నాయనమ్మ ఇన్‌స్పెక్టరును నిలదీస్తోంది. "బెల్టు మీ ఆఫీసుకే బయల్దేరింది నాయనా, దార్లో ఎదురుపడలేదా?"

ఇన్‌స్పెక్టరు తల పట్టుకున్నాడు. "పంపమని కాదు మహాప్రభో! ఎవరి చెయ్యీ పడకుండా చుట్టూ జాలీ కట్టమని! సాయంత్రమైంది, గడువైపోయింది. మర మూసేస్తున్నా."

తండ్రి మూట దింపి చతికిలబడ్డాడు. తప్పు తనదేనని పిల్లకు తెలుసు. అయినా ఈసారి తలుపు చాటుకు పోలేదు.

"చుట్టూ మూసి ఉండాలి, చెయ్యి తగలకూడదు. అంతేనాండీ?"

"అంతే."

"అయితే చూసుకోండి," అంటూ మూటను ఆయన ముందుకు తోసింది.

ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ తిప్పి తడిమాడు. నాయనమ్మ కుట్లలో చిటికెనవేలు కూడా దూరలేదు. ఆయన మీసాల చాటున నవ్వి, 'బెల్టు చుట్టూ పూర్తిగా మూసి ఉన్నది' అని రాసుకున్నాడు. "తిరిగి తగిలించే ముందు మాత్రం జాలీ కట్టించండి. లేదంటే ఈసారి నేను కూడా కాపాడలేను."

జాలీ ఒక్క పూటలో బిగించారు. నాయనమ్మ కుట్లు విప్పడానికే మూడు రోజులు పట్టింది.