పలక మీద పులుసు

కంచం అనేది మనిషి చేసిన పెద్ద పొరపాటు. దానికి అంచు ఉంటుంది. అంచు ఉండబట్టే పులుసు అందులోనే ఉండిపోతుంది. ఉండిపోబట్టే మనం ఏ ఆలోచనా లేకుండా తినేసి, మూతి తుడుచుకుని ఇంటికి పోతాం. అలాంటి భోజనం ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?

మా ఊరి 'నల్ల ఎద్దు' పబ్బులో ఆదివారం మధ్యాహ్నం తిన్నవాడికి మాత్రం బుధవారం దాకా గుర్తుంటుంది. ప్యాంటు ఆరాలి కదా.

ఈ పేపరు చదివే పక్క లోయవాళ్ల కోసం కాస్త వివరంగా చెప్తాను. వేల్స్ కొండల్లోంచి పశువుల్ని లండన్ దాకా కాలినడకన తోలుకుపోయిన రోజుల నుంచీ ఉన్న పబ్బు అది. దూలాలు ఎంత కిందికి ఉంటాయంటే, మా ఊళ్లో పొడుగువాళ్లెవరో నుదుళ్లు చూసి చెప్పొచ్చు. మొన్నమొన్నటిదాకా వంటింట్లో డిలిస్ ఆంటీ ఉండేది. నాకు చుట్టమేం కాదు, ఊరందరికీ ఆంటీయే. గొర్రె ఎముకలు, లావుపాటి ఉల్లికాడల్లాంటి లీక్ కాడలు, దుంపలు రాత్రంతా సన్నసెగ మీద ఉడకేసి ఆవిడ చేసే కౌల్ అనే పులుసు, లోతైన గిన్నెలో పొగలు కక్కుతూ వచ్చేది. పక్కన చీజు ముక్క, రొట్టె. వానలో తడిసి వచ్చినవాడు గిన్నె మీదికి వంగితే కళ్లద్దాలు మసకబారిపోయేవి. ఆ మసకలో కూర్చుని నేను చాలా సంతోషపడ్డాను.

పోయిన శీతాకాలం పబ్బు చేతులు మారింది. కొన్నాయన పేరు పియర్స్, లండన్ మనిషి. చాలా మంచివాడు. అందరినీ పేరు పెట్టి పలకరిస్తాడు, కాకపోతే ఎక్కువసార్లు వేరేవాళ్ల పేరుతో. ఇంత చరిత్ర ఉన్న చోట తిండి కూడా చారిత్రకంగా ఉండాలని ఆయన పట్టుదల. గిన్నెలు అటకెక్కాయి. డిలిస్ ఆంటీని విశ్రాంతి తీసుకోమన్నారు. కొండ మీది క్వారీ నుంచి నల్లటి పలకలు దిగాయి. ఇంటి కప్పుకి వేసేవే. ఇప్పుడు మా భోజనం వాటి మీద.

పలక గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా తాత బతుకంతా ఆ క్వారీలోనే పలక కొట్టాడు. దేశదేశాలవాళ్లు మా పలకే ఎందుకు కొన్నారు? దాని మీద నీటిచుక్క నిలవదు కనుక. పడిందంతా జారిపోవాల్సిందే. మా ఊళ్లో పాలు తాగే పిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు. అలాంటి పలక మీద పులుసు వడ్డించాలన్న ఆలోచన రావాలంటే ఎంత చదువు చదివి ఉండాలి!

ఈ వంటకం పేరు 'విడదీసిన కౌల్'. పలకకి ఒక మూల అగ్గిపెట్టెంత గొర్రెమాంసం. ఇంకో మూల బంగాళాదుంప, ఒంటరిగా. మధ్యలో లీక్ కాడ, ముడి వేసి ఉంటుంది, ఏదో మరిచిపోకుండా గుర్తు పెట్టుకున్నట్టు. పక్కన పిల్లల బొమ్మ సామాన్లలో ఉండేలాంటి బుల్లి జగ్గులో పులుసు. అది మనమే పోసుకోవాలి. పోసుకున్నాక అది ఎటు పోతుందన్నది పలకా, మన అదృష్టమూ చూసుకుంటాయి.

దీనివల్ల కాపురాలు ఎంత బాగుపడ్డాయో గమనించారా? మా ఆవిడ మెన్నా, నేను పబ్బులో భోంచేస్తూ ఒకరి మొహం ఒకరు చూసుకుని చాలా ఏళ్లయింది. తను కిటికీ చూసేది, నేను నిప్పుగూట్లో మంట చూసేవాణ్ని. ఇప్పుడో? నేను జగ్గు ఎత్తగానే తను పలక అంచు పట్టుకుంటుంది.

"నీ వైపు ఎత్తు గ్విలిమ్. ఇంకాస్త. చాలు. చాలన్నానా!"

ఇలా కళ్లలో కళ్లు పెట్టి చూసుకుంటూ తింటున్నాం. పెళ్లికి ముందు కూడా ఇంత శ్రద్ధగా చూసుకోలేదు.

ఇక ఇంజినీరింగు సంగతి. గొర్రెల రైతు హెఫిన్, నా చిన్ననాటి స్నేహితుడు, బంగాళాదుంప మెదిపి పలక చుట్టూ గట్టు కడతాడు. ఏరు పొంగి చేను మునిగినప్పుడు కూడా ఇంత పకడ్బందీగా కట్టలేదు. "మావా, ఆ లీక్ కాడ కాస్త ఇటు పడెయ్యి, ఈ పక్క గండి పడింది" అంటాడు. పడేస్తాను. ఆపదలో ఆదుకోకపోతే ఇరుగుపొరుగు ఎందుకు? ఆ మాంసం హెఫిన్ కొండ మీది గొర్రెదే. దాన్ని పెంచడం కంటే పలక మీద వెతుక్కోవడమే కష్టంగా ఉందంటాడు. అదీ పబ్బు బయట కారు పార్కులోనే అంటాడు.

కుక్కల మాట మరిచిపోతే పాపం తగులుతుంది. ఇదివరకు పబ్బులో కుక్కలు నిప్పు దగ్గర పడుకుని సోమరిగా నిద్రపోయేవి. ఇప్పుడు ప్రతి బల్ల కిందా ఒకటి, నోరు తెరుచుకుని, ఆకాశం కేసి చూస్తూ తయారు. హెఫిన్ కుక్క మోట్ ఎంత ఒళ్లు చేసిందంటే, కొండెక్కేటప్పుడు గొర్రెలే దాని కోసం ఆగుతున్నాయి.

ఇన్ని లాభాలున్నా, గిన్నె కావాలంటే ఎవరో ఒకరు పియర్స్ గారిని అడగొచ్చు కదా అని మీకు అనిపించదు. అనిపించదని నాకు తెలుసు. మీరూ ఇక్కడే పుట్టారు. బల్ల దగ్గరికి వచ్చి "అంతా బాగుందా?" అని అడిగితే మనం ఏమంటాం? "చాలా బాగుందండి, థాంక్యూ." ఇంకో జవాబు మన నాలుకకి రాదు. హెఫిన్ వాళ్ల నాన్నకి ఒకసారి ఎముక గొంతులో అడ్డం పడింది. సరిగ్గా అప్పుడే ఎవరో బాగుందా అని అడిగారు. మొహం నీలంగా మారుతున్నా పెద్దాయన బొటనవేలు పైకెత్తి చూపించాడు.

మన అసలు అభిప్రాయాలకి కారు పార్కు ఉంది.

"దాన్ని కౌల్ అంటారా? గొర్రె కాళ్లు కడిగిన నీళ్లలా ఉంది."

"ఆ నీళ్లయినా లోపలికి పోతేగా. మొత్తం నా బూటులోకే."

"ఇంతమంది ఇన్ని మాటలంటున్నారు, ఒక్కరు లోపలికెళ్లి ఆయనతో చెప్పండి" అంది మెన్నా ఒకసారి.

"ఛ, ఊరుకో. బాధపడతాడు పాపం."

ఆ పాపం మనిషే గుమ్మంలో నిలబడి మాకు చెయ్యి ఊపుతున్నాడు. మేమందరం నవ్వుతూ తిరిగి ఊపాం.

పోయిన ఆదివారం మేం సగం పలకలో ఉండగా ఆయన గ్లాసు మీద చెంచాతో టంగుటంగుమనిపించాడు.

"ఒక్క నిమిషం వినండి. అటక మీద పాత గిన్నెలు, డిలిస్ గారి కుండ ఊరికే పడున్నాయి. వచ్చే శనివారం పాత సామాన్ల వ్యాను వస్తోంది, ఇచ్చేస్తాను. గిన్నెలే బాగున్నాయని ఎవరికైనా అనిపిస్తే ఇప్పుడే చెప్పండి. డిలిస్ గారిని మళ్లీ వంటింట్లోకి రమ్మని బతిమాలుకుంటాను. మొహమాటం వద్దు, నిజం చెప్పండి."

కిటికీ పక్క బల్ల దగ్గర డిలిస్ ఆంటీ కూర్చుని ఉంది. వంట మానేశాక కూడా ఆవిడ ఆదివారాలు అక్కడికే వస్తుంది, వంటింటి తలుపు కనిపించేలా కూర్చుంటుంది. ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా సగం లేచి, మళ్లీ కూర్చుంటుంది.

అందరూ నా వైపు తిరిగారు. ఎందుకంటే కారు పార్కు ఎప్పుడో తీర్మానించింది, "పేపర్లో రాసేవాడివి, నీకు మాటలు తెలుసు, నువ్వే చెప్పాలి" అని. నేను గడ్డం గీసుకుంటూ వారం రోజులు అద్దం ముందు సాధన కూడా చేశాను. గుండె గట్టి చేసుకుని లేచాను. లేవగానే దూలం నుదుటికి ఠంగున తగిలింది.

పియర్స్ పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో, దెబ్బ తగిలిందా?"

"చాలా బాగుందండి, థాంక్యూ" అన్నాను.

"భోజనం సంగతి అడుగుతున్నారు" అని మెన్నా నా కాలు తొక్కింది.

"అదీ చాలా బాగుందండి."

నేను అన్నాక ఇంకెవరు ఆగుతారు? హెఫిన్ బాగుందన్నాడు, గట్టు తెగి పులుసు మోచేతి మీదికి పారుతుండగా. బల్ల తరవాత బల్ల, అందరూ బాగుందన్నారు. చివరికి పియర్స్ కిటికీ దగ్గరికి వెళ్లి, "మీరూ చెప్పండి డిలిస్ గారూ" అన్నాడు. ఆంటీ పలక వైపు చూసింది. వంటింటి తలుపు వైపు చూసింది. ఒళ్లో పడ్డ పులుసు చేతిరుమాలుతో అద్దుకుంటూ, "చాలా బాగుంది నాయనా" అంది.

ఆ గదిలో నిజం పలికింది మోట్ ఒక్కటే. కొత్తగా వేసిన బీట్‌రూటు నురగ ఎవరి పలక మీంచో జారి దాని ముందు పడింది. వాసన చూసింది. పియర్స్ మొహంలోకి చూసింది. లేచి బయటికి వెళ్లిపోయింది.

మా మెప్పు విని పియర్స్ ఎంత పొంగిపోయాడంటే, విడదీసిన కౌల్‌కి నా పేరు పెట్టేశాడు. 'గ్విలిమ్ పలక'. మన దగ్గర మనిషి పేరుకి ఏదైనా ఒకసారి అతుక్కుంటే ఊడదని మీకు తెలుసు. ఉత్తరాలు పంచే ఎమ్రిస్, ఉద్యోగం మానేసి ఎన్నేళ్లయినా ఎమ్రిస్ పోస్టే. నిన్న రొట్టెల కొట్లో నన్ను "ఏం గ్విలిమ్ పలకా, బాగున్నావా" అన్నారు. చాలా బాగున్నానన్నాను. రేపు నా సమాధి మీద రాయి కూడా మా కొండ పలకే. దాని మీద ఏ పేరు చెక్కుతారో నాకు తెలిసిపోయింది.

పియర్స్ గారూ, పబ్బు గురించి ఎవరు నాలుగు మంచి ముక్కలు రాసినా మీరు ఫ్రేము కట్టించి నిప్పుగూడు పైన తగిలిస్తారట. పలక గొప్పదనం గురించి ఇంత రాశాను కనుక దీన్నీ కట్టించండి. అయితే ఈ చివరి ముక్క కత్తిరించకండి. పేపరు శుక్రవారం వస్తుంది, వ్యాను శనివారం వస్తుంది. వ్యాను వెనక్కి పంపేయండి. కుండ కిందికి దించి డిలిస్ ఆంటీ చేతిలో పెట్టండి. మాకు ఆవిడ కౌల్ కావాలి, గిన్నెలో కావాలి.

ఆదివారం మా బల్ల దగ్గరికి వచ్చి, ఇది నిజమేనా అని మాత్రం నన్ను అడక్కండి. చాలా బాగుందండి అనేస్తాను.