బావి నీళ్ల నమూనా

ఆ రోజు ఉదయం యాదలక్ష్మి వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు కాలుష్య నియంత్రణ అధికారి కృష్ణకాంత్ వస్తాడు. ఊరబావిలోకి బకెట్ దించి, డికాషన్ రంగు నీళ్లు పైకి తీసి, ఆయన ముక్కు కింద పెట్టాలి. అంతే. మిగతాదంతా ఆ కంపే చెబుతుంది.

కట్టంగూరు అవతల ఉన్న ఆ చిన్న ఊరికి ఆమె సర్పంచ్. మందుల ఫ్యాక్టరీ వదిలే నీళ్లు వాగులోకి, వాగులోంచి బావిలోకి దిగడం మొదలై మూడేళ్లయింది. ఇప్పుడు బర్రెలు కూడా ఆ నీళ్లు చూసి మూతి తిప్పుకుంటున్నాయి. పద్దెనిమిది అర్జీలు పెడితే ఒక్క అధికారి కదిలాడు. నమూనాలో విషం తేలితేనే ఫ్యాక్టరీ మీద చర్య. తేలకపోతే ఫైలు మూత.

ఏడింటికి బావి దగ్గరికి వెళ్లేసరికి గట్టు చుట్టూ సున్నం గీతలు మెరుస్తున్నాయి. నీళ్ల మీద తెల్లటి పొడి తేలుతోంది. పంచాయతీ కార్యదర్శి దివాకర్ ఖాళీ సంచి దులుపుతూ నవ్వాడు.

"రెండు సంచుల బ్లీచింగ్ కొట్టించిన మేడం. వాసన మచ్చుకు గూడ లేదు."

"ఎవరు కొట్టుమన్నరు సారూ?"

"ఒకరు చెప్పాల్నా మేడం? ఆఫీసరొస్తుండంటే చేసేదే గదా!"

నిజమే. కలెక్టర్ వచ్చినా, పశువుల డాక్టర్ వచ్చినా ఆ ఊళ్లో ముందుగా పడేది బ్లీచింగే.

"గా కంపు చూపెడ్దామనే గదా ఆయన్ని పిలిచింది!" యాదలక్ష్మి నెత్తి పట్టుకుంది.

"ఫికర్ జెయ్యకు," అన్నాడు ఆమె భర్త మారయ్య. "మోటరు పెట్టి గీ తెల్లనీళ్లన్ని తోడేస్త. ఊట మళ్ల ఊరుతది."

ఎండాకాలం, బావిలో ఉన్నదే నడుం లోతు. తొమ్మిదిన్నరకల్లా అడుగు కనిపించింది. ఊట మాత్రం తనకు ఏ తొందరా లేనట్టు గోడ వెంట బొట్టు బొట్టుగా కారుతోంది.

"ఎండిన బాయిల సారు ఏం బట్టుకపోతడయ్యా, మట్టా?" అని ఆమె మారయ్య మీద విరుచుకుపడుతుండగానే ట్యాంకర్ హారన్ వినిపించింది. బావి ఖాళీగా కనబడితే ఊరి పరువు పోతుందని దివాకర్ ఫోన్ చేసి పిలిపించాడు. చూస్తుండగానే బావిలో మంచినీళ్లు నిండాయి. అడుగున రాళ్లు లెక్కపెట్టుకోవచ్చు.

"జర తాగి చూడుండ్రి మేడం, కొబ్బరినీళ్లే!" అన్నాడు దివాకర్ గర్వంగా.

ఆమె జవాబు చెప్పేలోపు ఫోన్ మోగింది. కృష్ణకాంత్ కట్టంగూరు దాటాడట.

యాదలక్ష్మి కొంగు నడుముకు చుట్టింది. అత్త గుర్వమ్మను తోడు తీసుకుని, నురగలు కక్కుతున్న వాగులోకి దిగి, ఫ్యాక్టరీ నీళ్లు బిందెలతో ముంచుకొచ్చింది. మూడేళ్లుగా బావిలో ఉన్నదే మళ్లీ బావికి చేరుస్తున్నాను, ఇందులో తప్పేముంది అనుకుంది. మూడో బిందె వంచుతుండగా వెనక జీపు ఆగింది.

"ఏం పోస్తున్నారమ్మా?" అన్నాడు కృష్ణకాంత్.

ఆమె నోరు తెరిచేలోపే వాగు గట్టు మీంచి గుర్వమ్మ కేక వేసింది.

"యాదమ్మా! ఇంకో బిందె విషం తేవాల్నా, గిది సాలునా?"

కృష్ణకాంత్ నమూనా సీసా మూత కూడా తీయలేదు. కళ్లారా చూసినదానికి పరీక్షలెందుకని, నాలుగు ఫొటోలు తీసుకుని జీపెక్కాడు.

వారానికి నోటీసు వచ్చింది. ఊరబావిలో విష రసాయనాలు కలుపుతూ సర్పంచ్ స్వయంగా పట్టుబడినందున ఫ్యాక్టరీపై ఫిర్యాదు నిలిపివేయడమైనదనీ, ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలనీ అందులో ఉంది.

యాదలక్ష్మి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున్నే కూర్చుని, బ్లీచింగ్, మోటరు, ట్యాంకర్, బిందెలు, ఏదీ దాచకుండా రాసింది. చివర ఒక మాట చేర్చింది: "మీరు వస్తున్నట్టు చెప్పడం వల్లే ఇదంతా జరిగింది. దయచేసి ఈసారి చెప్పకుండా రండి."

పది రోజులకు జవాబు వచ్చింది. మారయ్య గట్టిగా చదివాడు.

"మీ సంజాయిషీ సంతృప్తికరంగా ఉన్నది. ఫిర్యాదును తిరిగి స్వీకరించడమైనది."

యాదలక్ష్మి కళ్లు తుడుచుకుంది. "ఇంకేం రాసిండ్రు?"

"మీరు కోరిన విధంగా, వచ్చే గురువారం ఉదయం పదకొండు గంటలకు, ముందస్తు సమాచారం లేకుండా తనిఖీకి వస్తున్నాము."

ఆ ఉత్తరం నకలు ఒకటి ఫ్యాక్టరీ యాజమాన్యానికి కూడా పంపినట్టు కింద చిన్న అక్షరాలతో రాసి ఉంది.