చౌక కరెంటూ ఓ విజిలూ

ఆ రోజు పొద్దున్నే టైంటేబుల్ గారు ఆఫీసుకి సెలవు పెట్టారు. ఒంట్లో బాగోలేక కాదు, ఇంటికి చుట్టాలొస్తున్నారనీ కాదు. కరెంటు ప్లాను ఎంచుకోవడానికి! బస్సు డిపోలో ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలో, ఎప్పుడు షెడ్డుకి తిరిగి రావాలో నిర్ణయించేది ఆయనే. ఆయన విజిల్ ఊదందే ఆ డిపోలో బస్సు మాట అటుంచి, దాని కింద పడుకున్న పిల్లి కూడా కదలదని ప్రతీతి. వీధిలోవాళ్ళు ఆయన అసలు పేరు మర్చిపోయి చాలా కాలమైంది.

సంగతేమిటంటే, కరెంటు కంపెనీ ఫోన్లకి ఓ మెసేజ్ పంపింది. పాత ప్లానులో ఎప్పుడు వాడినా ఒకటే ధర. కొత్త ప్లానులో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా సగం ధర, చీకటి పడ్డాక రెట్టింపు. కొత్తది కావాలనుకున్నవాళ్ళు ఆ సాయంత్రం ఆరులోగా ఫోన్లో నొక్కాలి. నొక్కనివాళ్ళు పాతదాంట్లోనే పడి ఉంటారు. ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం, రుచి చూడమని, అందరికీ సగం ధరే. ‘సగం ధర’ అన్న రెండు మాటలూ చదివిన దగ్గర్నుంచీ టైంటేబుల్ గారు ఈ లోకంలో లేరు.

"ఏమోయ్, ఇంట్లో ఉన్న ప్రతి మిషన్నీ పన్నెండింటికి బయల్దేరదీసి నాలుగుకల్లా షెడ్డులో పెట్టేశామనుకో, ఇంక మనకి తిరుగే లేదు! నొక్కేముందు ఇవాళ ఓ ట్రయల్ రన్ వేద్దాం!" అన్నారు వంటింటి గుమ్మంలో గంతేసినంత పని చేస్తూ.

భార్య గిన్నెలో వెన్న గిలక్కొడుతోంది. తలెత్తకుండానే అంది. "మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించుకున్నాం కదండీ. మధ్యాహ్నం ఎండకి కరెంటు ఊరికే వస్తుంది. ఊరికే వచ్చేదాన్ని సగం ధరకి కొనుక్కోవడమేంటి, మన తెలివి తెల్లారినట్టే ఉంది."

"వస్తే కదా! పెట్టించి నెల దాటింది, ఫోన్లో చూడు, సున్నా. రోజూ సున్నాయే. మన ఇంటి మీద పడే ఎండలో పస లేదు. పెట్టినవాడికి ఫోన్ చేస్తే, పలకల మీద దుమ్ము పడిందేమో చూస్కోండి సార్ అంటాడు."

"దుమ్మా? మనింట్లోనా?" అంటూ ముందుగదిలోంచి టైంటేబుల్ గారి తల్లి దూసుకొచ్చింది. "ఎవడ్రా ఆ మాటన్నది? నాకివ్వు ఫోను!"

ఆవిడ కోపానికి అర్థముంది. ఆ ఇంట్లో దుమ్ము అడుగు పెట్టాలంటే ముందు ఆవిడ కుట్టు మిషన్ని దాటాలి. ఫ్రిజ్‌కి పూల గౌను, మిక్సీకి చారల గౌను, టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ చొక్కా, సోఫాకి ఒక కవరు, ఆ కవరు మాసిపోకుండా ఇంకో కవరు. కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే చాలు, టేపు పట్టుకుని కొలతలు తీసుకుంటుంది. ఓసారి కోడలి పుట్టింటివాళ్ళు కొత్త గోడగడియారం తెచ్చిస్తే దానికీ కుట్టింది. టైమెంతైందో తెలియాలంటే ఇప్పటికీ గౌను ఎత్తి చూసుకోవాలి.

"పోనీ ఎక్కి చూశారా ఒక్కసారైనా?" అంది భార్య.

"ఈ మోకాళ్ళతో ఇనప నిచ్చెన ఎక్కమంటావా? అయినా ఎక్కడమెందుకు? రోజూ గేటు దగ్గర నిలబడి అంచులు చూస్తూనే ఉన్నాగా. నీలంగా, నీటుగా ఉన్నాయి. వాటిది తప్పు కాదు, ఎండదే."

భార్యకి ఆయన మీద కంటే గిన్నె మీద ధ్యాస ఎక్కువగా ఉంది. ఉండదూ మరి! పెద్ద వీధిలో కొత్తగా తెరుస్తున్న కెఫే యజమానురాలు ఆ సాయంత్రం వచ్చి ఈవిడ కేకు రుచి చూస్తానంది. నచ్చితే ఇక రోజూ కేకులు ఈ ఇంటినుంచే వెళ్తాయి. ఇన్నేళ్ళూ ఇరుగుపొరుగు పుట్టినరోజులకి ఊరికే చేసిపెట్టి, "భలే ఉందమ్మా" అన్న మాట తప్ప ఏమీ ఎరగని మనిషి. తన చేత్తో చేసిన దానికి ఓ అద్దాల బీరువాలో చోటు దొరకడం అంటే ఆవిడకి మాటలు కాదు.

"కేకు కూడా పన్నెండుకే బయల్దేరుతుంది," అని ప్రకటించారు టైంటేబుల్ గారు.

ఆవిడ లెక్క చూసుకుంది. పన్నెండుకి ఓవెన్‌లో పెట్టినా, చల్లార్చి క్రీమ్ పట్టించడానికి సాయంత్రం దాకా టైముంది. "సరే. కానీ ఈ కేకుకేమైనా అయిందో, ఆ విజిల్ మీ చేత మింగిస్తా," అంది.

పన్నెండు కాబోతోంది. గీజరు, వాషింగ్ మిషను, ఇస్త్రీపెట్టె, నీళ్ళ మోటారు, స్కూటర్ ఛార్జరు, చీపురు మిషను, ఓవెను, అన్నీ ప్లగ్గుల్లో సిద్ధంగా ఉన్నాయి. సగం ధరకి ఉతకడం మళ్ళీ మళ్ళీ దొరకదని టైంటేబుల్ గారు తన ప్యాంట్లన్నీ, ఒంటి మీదున్నదానితో సహా, వాషింగ్ మిషన్లో వేసేశారు. బనీను, నడుముకి తువ్వాలు, మెడలో విజిల్, ఇదీ అవతారం. పెద్దావిడ గడియారం గౌను ఎత్తి పట్టుకుంది. ముళ్ళు రెండూ కలిశాయి. ఆయన బుగ్గలు పూరించి విజిల్ ఊదారు.

అబ్బ, ఏం సందడి! మోటారు గురకపెట్టింది, వాషింగ్ మిషన్ గిరగిర తిరిగింది, చీపురు మిషను ఊళ వేసింది, ఓవెన్లో ఎర్రదీపం వెలిగింది. "రైట్ రైట్!" అని టైంటేబుల్ గారు తువ్వాలు బిగించి చిందేశారు. రెండో చిందు వేస్తూండగా మెయిన్ స్విచ్ ‘టప్’మని పడిపోయింది. ఇల్లు మూగబోయింది.

ఆయన పైకెత్తారు. టప్. మళ్ళీ ఎత్తారు. టప్.

"బరువెక్కువైందండీ! మిగతావన్నీ ఆపెయ్యండి, ఓవెన్ ఒక్కటీ ఉంచండి చాలు!" అని అరిచింది భార్య.

"సగం ధర నడుస్తుంటే ట్రిప్పు రద్దు చేసుకుంటామా? నా సర్వీసులో ఒక్క ట్రిప్పు రద్దవలేదు. కొన్నిట్ని రూటు మారుస్తా, నువ్వు కంగారు పడకు," అని ఆయన పొడుగాటి వైరు చుట్ట భుజానేసుకుని పెరట్లోకి పరిగెత్తారు.

పక్కిల్లు పళ్ళ డాక్టరుగారిది. ముందు భాగంలోనే ఆయన క్లినిక్కు. గోడకి ఆనుకుని కిటికీ, కిటికీ లోపల ఒక ప్లగ్గు. డాక్టరుగారు ఇటు వీపు పెట్టి, కుర్చీలో పడుకున్న ఒకావిడ నోట్లోకి వంగి పళ్ళు తొలుస్తున్నారు.

"డాక్టర్‌గారూ, మీ ప్లగ్గు కాసేపు వాడుకోమంటారా?" అని కిటికీలోంచి అడిగారు టైంటేబుల్ గారు.

"ఆఁ, అలాగే, భయపడకండి, కానివ్వండి," అన్నారు డాక్టరుగారు కుర్చీలోని ఆవిడతో.

"ఎంత మంచి మనిషండీ!" అనుకుని టైంటేబుల్ గారు వైరు గుచ్చేశారు. గీజరు, వాషింగ్ మిషను, ఇస్త్రీపెట్టె పక్కింటి కరెంటుకి మారాయి. ఇంట్లో మెయిన్ స్విచ్ నిలబడింది. ఓవెన్ వెలిగింది. అద్దంలోంచి కేకు బుజ్జిబుజ్జిగా పొంగుతుంటే భార్య మొహం కూడా దాంతోపాటే విచ్చుకుంది. "చూశావా నా తడాఖా?" అన్నారు ఆయన. అది మరో రెండు నిమిషాల తడాఖా.

పక్కింట్లో టప్. తొలిచే మిషను ఆవిడ పన్ను మధ్యలో ఆగిపోయింది. వాషింగ్ మిషన్ ఆగడం చూసి టైంటేబుల్ గారు ఏమాత్రం తడుముకోకుండా మూడు మిషన్ల వైర్లూ పీకి తెచ్చి మళ్ళీ ఇంటి ప్లగ్గుల్లో పెట్టేశారు. ఇంట్లోనూ టప్! మరి స్విచ్చి ఎత్తినా నిలవలేదు. ఓవెన్ చల్లబడింది. పొంగుతున్న కేకు నిట్టూర్చినట్టు మధ్యలో గుంటపడి కూర్చుండిపోయింది.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు దబదబా మోగింది. చేతిలో వైరుతో పళ్ళ డాక్టరుగారు, వెనకే మెడలో కాగితం రుమాలుతో, దూది కుక్కిన బుగ్గతో ఆ పేషెంటు. "మా కరెంటు మీద బట్టలుతుకుతున్నదెవరండీ?" అన్నారు డాక్టరుగారు. పేషెంటు మాత్రం ఆయన్ని దాటుకుని వంటింట్లోకి తొంగిచూసింది. గుంటపడ్డ కేకుని చూసింది. కేకు పక్కన నిలబడ్డ మనిషిని చూసింది.

"ఇవేవా వా కేకు?" అంది, మొద్దుబారిన నాలుకతో. అంటే, ఇదేనా నా కేకు అని.

కెఫే యజమానురాలు! సాయంత్రం కేకు తినాలంటే ముందు పన్ను బాగుండాలని డాక్టరు దగ్గరికొచ్చిందట. టైంటేబుల్ గారి భార్య తిట్టినా బాగుండేది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని అటు తిరిగింది. అప్పుడు కలుక్కుమంది ఆయన గుండె. సగం ధర, రెట్టింపు ధర, ట్రయల్ రన్, అన్నీ ఒక్కసారిగా వెలవెలపోయాయి.

"అది కాదండీ," అన్నారు డాక్టరుగారు, "నెత్తి మీద అంత సోలార్ పెట్టుకుని, నా కిటికీలో దూరడమేంటండీ మీరు?"

"పని చెయ్యట్లేదండీ అది!" అని కేక పెట్టారు టైంటేబుల్ గారు. "దాని సంగతేంటో ఇవాళ తేలుస్తా!" మోకాళ్ళు గుర్తు రాలేదు, తువ్వాలూ గుర్తు రాలేదు. ఇనప నిచ్చెన చకచకా ఎక్కేశారు. కింద ముగ్గురు తలలెత్తి, డాక్టరుగారు మర్యాదకి తల దించుకుని, ఎదురుచూశారు.

పైనుంచి ఓ గొంతు వినిపించింది. "అమ్మా! వీటికి గౌనెవరు తొడిగారు?"

"నేనేరా!" అంది పెద్దావిడ గర్వంగా. "ఏమీ కప్పకుండా ఎండలో, దుమ్ములో వదిలేస్తారా అంత ఖరీదైన వస్తువుని? ట్యాంకు కడగడానికొచ్చినతని చేత, పెట్టించిన రోజే తొడిగించా. గుడ్డ కూడా నీలంరంగుదే వెతికి తెచ్చా, చూసేవాళ్ళకి తేడా తెలీకుండా. చుట్టూ ఎలాస్టిక్కు వేశా, గాలికి లేవకుండా. బావుందా?"

మొదట నవ్వింది కెఫే ఆవిడే, బుగ్గ పట్టుకుని, నొప్పికి కళ్ళనీళ్ళు తిరుగుతుంటే ఇంకా నవ్వింది. తర్వాత డాక్టరుగారు. చివరికి, ఆపుకోలేక, అటు తిరిగిన మనిషి కూడా.

టైంటేబుల్ గారు పైన ఎలాస్టిక్కు పట్టుకుని లాగారు. అది సాగి, సాగి, ఆయన చేతిలోంచి జారి, నెలరోజుల ఎండని దాచుకున్న నీలం గౌను ఎగిరొచ్చి డాక్టరుగారిని తలనుంచి కాళ్ళ దాకా కప్పేసింది. పలకలు నిగనిగలాడుతూ బయటపడ్డాయి. దుమ్ము కణం లేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

మెయిన్ స్విచ్ ఎత్తగానే ఈసారి నిలబడింది. భార్య ముందు ఓవెన్ ఒక్కటే వెయ్యనిచ్చింది. తర్వాత భయంభయంగా వాషింగ్ మిషను. తర్వాత గీజరు. టప్ లేదు! ఫోన్లో సున్నా పోయి అంకెలు పైకి పాకుతుంటే టైంటేబుల్ గారు పసిపిల్లాడిలా కేరింతలు కొట్టారు. "వస్తోందోయ్! ఎండ వస్తోంది! పస ఉంది! బోలెడు పస ఉంది!"

"మీరు అవతలికి వెళ్తారా?" అంటూ ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని కొత్తగా పిండి కలిపింది. ఈసారి ఎవరూ విజిల్ ఊదలేదు. కేకు తన టైముకి తాను పొంగింది.

సాయంత్రం కెఫే ఆవిడ వచ్చింది. పన్ను బాగైంది కానీ నాలుకకి మత్తు దిగలేదు, రుచి తెలియట్లేదంది. తోడొచ్చిన డాక్టరుగారినే తినమన్నారు. ఆయన ఒక ముక్క తిన్నారు, రెండో ముక్క తిన్నారు, మూడోది అడక్కుండానే తీసుకున్నారు. "అమ్మా, ఈ కేకు మీరు రోజూ అమ్మాలి," అన్నారు కెఫే ఆవిడతో. "పక్కనే మా క్లినిక్కు బోర్డు కూడా పెట్టుకోనిస్తే ఇంకా మంచిది." అప్పటికి మత్తు దిగుతున్న నాలుక చివర క్రీమ్ తగిలించి చూసుకుందావిడ. ఇంకో వేలితో మళ్ళీ చూసుకుంది. రోజూ కావాలంది. రేపటినుంచే.

వాళ్ళు వెళ్ళాక ఇంట్లో ఆనందం పట్టలేకపోయారు ఎవరూ. ఆ హడావిడిలో ఆరు దాటిపోయింది. ఉలిక్కిపడి ఫోన్ తీశారు టైంటేబుల్ గారు. కొత్త ప్లానుకి గడువైపోయింది, పాతదాంట్లోనే ఉండిపోయారు. ఆయన మొహం వాడింది. అంతలోనే మెరిసింది. పగలంతా ఎండ ఊరికే, చీకటి పడ్డాక రెట్టింపు బాదుడు లేదు. మనలాంటివాళ్ళకి పాత ప్లానే దివ్యంగా ఉంటుంది!

"అదేనోయ్ నేను మొదట్నుంచీ అనుకున్నది," అన్నారు కాలు మీద కాలు వేసుకుని. "ఇప్పుడు ఎండని బట్టి ఓ టైంటేబుల్ వేస్తా. సూర్యుడు అలా నెత్తికెక్కగానే నేను విజిల్..."

భార్య అత్తగారి వైపు చూసింది. "అత్తయ్యా, పాపం ఆ విజిల్ ఎప్పుడూ మెడలోనే వేలాడుతుంటుంది. దుమ్ము పడదూ?"

పెద్దావిడ వెంటనే లేచి కుట్టు మిషన్ ముందు కూర్చుంది. కొలతలు కోడలే ఇచ్చింది.