రెండో పాటకు ముందు

మంత్రిగారు వచ్చేలోపు కావలసిన పనులు: డాన్సు మండపం చెక్కనేలకు మైనం పూయించాలి. బిర్చి చెట్టు కొమ్మలతో ద్వారం కట్టాలి. రెండు వందల సాసేజీలు కాల్చాలి. దోమల్ని అదుపులో పెట్టాలి. అకార్డియన్ వాయించే మనిషిని పిలవాలి.

చివరి పని గుర్తుచేసింది నేనే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని, మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాని. సాంస్కృతిక మంత్రి హార్రి లెహ్తోవారా గారు రాజధాని హెల్సింకి నుంచి వేంచేసి, మా సరస్సు ఒడ్డున “పల్లె పాట – ప్రపంచ బాట” పథకం ప్రారంభిస్తారని ప్రకటన రాగానే, మరి పాట ఎవరిదని అడిగాను. నా దూరదృష్టిని అందరూ మెచ్చుకున్నారు.

ఉర్హో కెత్తులా బాబాయికి డెబ్బై తొమ్మిదేళ్లు. వాళ్ల అమ్మమ్మ నేర్పిన, జోడీగా ఆడే వాల్ట్జ్ పాట ఒకటి ఆయన వేళ్లలో తప్ప ఎక్కడా లేదు. రేడియోవాళ్లు గంటసేపు ప్రత్యక్ష ప్రసారం చేసి, ఆ టేపును జాతీయ భాండాగారంలో దాస్తామన్నారు.

“గుండె సంగతి డాక్టరుకే తెలియాలమ్మాయ్. ఈ పాటొక్కటి టేపులోకి ఎక్కితే చాలు. ముందు హుషారుగా ఓ పోల్కా వాయిస్తా, రెండోది అదే” అన్నాడు బాబాయి.

మా వైపు పాటలు జంటగానే వస్తాయి. చెయ్యి పట్టిన జోడీని రెండో పాట అయ్యేదాకా వదలకూడదు. పాతికేళ్ల కిందట మధ్యలో వదిలేసినవాడి ఇంటికి ఇప్పటికీ ఎవరూ కాఫీకి వెళ్లరు.

పోల్కా అయింది. ముప్పై జోడీలు పట్టిన చేతులు పట్టినట్టే నిలబడ్డాయి. మంత్రిగారి కళ్లు చెమర్చాయి.

“చూశావా! నా మాట కోసం ఒకరినొకరు పట్టుకుని మరీ నిలబడ్డారు!”

“సార్, ఇంకో పాట ఉందండి...” అన్నాను.

“ఉండమ్మా. జనం ఆకలి చూడు ముందు!”

పల్లె గొంతును వినడమే తమ ప్రభుత్వ ధ్యేయమని ఆయన నలభై ఎనిమిది నిమిషాలు వినిపించారు. అంత నిండైన ప్రసంగం నేనెరగను.

“చెయ్యి తిమ్మిరెక్కింది పావో, వదులు” అంది ఇర్యా పిన్ని తన జోడీతో.

“అమ్మో! ఒక్క పాటకే వదిలేశానని ఊరంతా చాటిస్తావ్.”

“పోనీ కాలు మీంచి కాలైనా తియ్యి, మహానుభావా!”

ప్రసారం గంట పూర్తయింది. రేడియోవాళ్లు తీగలు చుట్టేశారు. మంత్రిగారి కారు వెనకే వాళ్ల బండీ వెళ్లిపోయింది. అప్పుడు బాబాయి రెండో పాట వాయించాడు. జోడీలు కుంటుతూ ఆడాయి.

గ్రామీణుల స్పందన అపూర్వమని మంత్రిత్వశాఖ నివేదిక. ప్రసంగాన్ని ఏడు నగరాలు తిప్పారు. పాపం నిలబడి విన్నారని మా మండపానికి రెండు వందల కుర్చీలు మంజూరు చేసి, చెక్కనేలకు బోల్టులతో బిగించారు.

అక్టోబరులో ఉర్హో బాబాయి పోయాడు.

టేపు భాండాగారంలో భద్రంగా ఉంది. దాని వివరాల కార్డు సభకు ముందురోజే నింపి ఇచ్చింది నేనే: “ఉర్హో కెత్తులా. అమ్మమ్మ వాల్ట్జ్.” కార్డు దిద్దమని మూడు ఉత్తరాలు రాశాను. నా శ్రద్ధను అభినందిస్తూ మూడు జవాబులొచ్చాయి.

మీరెప్పుడైనా అటు వెళితే ఆ టేపు అడగండి. ప్రసంగం పదిహేడో నిమిషంలో మంత్రిగారు మంచినీళ్లు తాగడానికి ఆగుతారు. అక్కడ అకార్డియన్ తిత్తి ఒక్కసారి గాలి పీలుస్తుంది. అది రెండో పాట ఎత్తుకోబోయిన ఉర్హో బాబాయి. ఆయన్ని గుర్తుంచుకోండి.