రెండు చుక్కలు, రెండు పులిహోరలు

వీధికి రెండు వినాయక మండపాలు ఉండి తీరాలి! ఒక్కటే ఉంటే భక్తి ఒక చెవిలోకే వెళ్తుంది. ఎదురెదురుగా రెండు ఉంటే రెండు చెవులూ తరిస్తాయి. కాదనగలరా?

ఉప్పల్‌లో సైన్స్ పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరైన గంగాధరరావు గారికి ఆ అదృష్టం పట్టింది. నాచారంలో ఆయన ఇల్లు నిరుడు సరిగ్గా రెండు మండపాల మధ్యన పడింది. కుడి మైకు కొమురెల్లిది, ఎడమ మైకు అతని తమ్ముడు బిక్షపతిది. అప్పటికి అన్నదమ్ములకు మాటల్లేక రెండేళ్లు. వాళ్లమ్మ ఉప్పలమ్మ దేవుణ్ణి కోరేది ఒక్కటే: ఇద్దరూ మళ్లీ ఒక్క పళ్లెంలో తినాలి.

ఆ పండగప్పుడే ఓ సాయంత్రం ఆమె గంగాధరరావు గారి గేటు దగ్గర నిలబడి ఆకాశం చూపించింది.

“సారూ, గా రెండు సుక్కలు అన్నదమ్ములా?”

“పక్కపక్కన ఉంటే చాలదమ్మా. రెండింట్లో ఒకే సరుకు ఒకే పాళ్లలో ఉండాలి. వయసు కుదరాలి. ఒకే దిక్కుకు, ఒకే వేగంతో పోవాలి. అప్పుడు ఒకే ధూళిమబ్బులో పుట్టాయని అనుకోవచ్చు.”

“సరుకంటే ఏంది?”

“అందరి దగ్గరా ఉండేది కాదు. అరుదైనది.”

ఉప్పలమ్మ వెంటనే రెండు మండపాల పులిహోర ప్రసాదమూ తెచ్చింది. రెండూ ఆ పొద్దుటివే, వయసు కుదిరింది. చింతపండు, పల్లీలు ఎక్కడైనా ఉంటాయి. మరి వాము? రెండింట్లోనూ ఉంది. పులిహోరలో వాము వేసే ఇల్లు ఉప్పల్ నుంచి కాప్రా దాకా ఒక్కటే, ఆమెది! రెండూ ఒక పళ్లెంలో కలిపి కొడుకులను పిలిచింది.

“తినుండ్రి. ఎవనిది ఏదో చెప్పుండ్రి.”

తిన్నారు. ఉప్పు ఎక్కువైంది.

“గీ ఉప్పు వీనిదే,” అన్నాడు కొమురెల్లి.

“నాదెట్లయితదే అన్నా? నీ చెయ్యే గట్లుంటది.”

“నాకే చెప్తున్నావ్‌రా?”

“ఇద్దరి చెయ్యీ నాదే,” అంది ఉప్పలమ్మ. “పళ్లెం ఖాళీ జెయ్యుండ్రి.”

రెండేళ్ల తర్వాత మొదటి మాటలు! పళ్లెం ఖాళీ అయినా అవి ఆగలేదు. ఉప్పలమ్మ కళ్లు తుడుచుకుంది. గంగాధరరావు గారు వినాయకుడికీ సైన్సుకూ కలిపి ఒకే దండం పెట్టారు.

ఈ ఏడాది ఒకటే మండపం, ఒకటే విగ్రహం. మైకులు మాత్రం రెండూ ఉన్నాయి. అన్నదమ్ములు వాటిని పక్కపక్కనే కట్టారు. ఒకే దిక్కుకు, ఒకే జోరుతో, సరిగ్గా గంగాధరరావు గారి కిటికీ వైపు.

ఒకే కడుపున పుట్టారనడానికి ఇంకేం రుజువు కావాలి?

“ఉప్పలమ్మా, ఒక మైకు ఆపించరాదూ?” అని ఆయన ప్రాధేయపడ్డారు.

“వినబడ్తలేదు సారూ. ఇంకింత పులిహోరనా?” అంటూ ఆమె సంతోషంగా వడ్డించింది.